పట్టపగలూ వెలిగే వీధి లైట్లు.. ఎల్‌ఈడీ పొదుపు ఎటు పోతోంది?

ఆదిలాబాద్: ఉదయం పదవుతుంది. ఎండ ముదురుతుంది. స్తంభం మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఎల్‌ఈడీయే కదా, ఎంత కాలుతుందిలే అనుకుంటాం. ఓసారి లెక్కేద్దాం.

పాత ట్యూబ్‌లైట్ చోక్‌తో కలిపి దాదాపు 50 వాట్లు. రాత్రి 12 గంటలకు 0.6 యూనిట్. దాని చోట 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 0.24 యూనిట్. మిగిలేది 0.36. అదే ఎల్‌ఈడీ పగలు కూడా వెలిగితే ఇంకో 0.24 పోతుంది. అంటే మిగులులో మూడింట రెండొంతులు ఎండపాలే! ఇలాంటివి వెయ్యి లైట్లుంటే రోజుకు 240 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకున్నా నెలకు 50 వేలు దాటుతుంది.

మరి ఎందుకు ఆపరు? ప్రతిచోటా సిబ్బంది బద్ధకం కాదు. కొన్నిచోట్ల అసలు స్విచ్చే ఉండదు. వీధి లైట్లకు విడిగా థర్డ్ వైర్ లేకపోతే ఇళ్లకు వెళ్లే లైన్‌కే కలిపేస్తారు. ఇంట్లో కరెంటు ఉన్నంతసేపూ అదీ వెలుగుతుంది. 2019 సెప్టెంబర్‌లో మొదలైన పల్లె ప్రగతిలో థర్డ్ వైర్, మీటర్ల పని చేర్చింది అందుకే. కొత్త కాలనీలో స్తంభం పాతేటప్పుడు ఆ వైరు కూడా వచ్చిందా లేదా అడగాల్సిందే.

టైమర్ పెడితే చాలా? ఆదిలాబాద్‌లో జూన్‌లో పొద్దు గూకేది ఏడు దగ్గర. డిసెంబర్‌లో 5.45కే. గంటకు పైగా తేడా. ఒకే టైం పెట్టి వదిలేస్తే ఎండాకాలం దండగ, చలికాలం చీకటి. తేదీని బట్టి తానే టైం మార్చుకునే ఆస్ట్రోనామికల్ టైమర్లు కావాలి.

2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ సుమారు 90 వేల లైట్లను ఎల్‌ఈడీకి మార్చింది. ముందు పెట్టుబడి ఆ సంస్థది, నగరం పొదుపులోంచి వాయిదాల్లో కట్టాలి. ఇలాంటి ఒప్పందంలో పగటి వెలుగు ఇంకా ప్రమాదం. పొదుపు తగ్గితే వాయిదా బరువవుతుంది.

అలాగని అర్ధరాత్రి లైట్లు ఆర్పేస్తామంటే ఇక్కడ కుదరదు. మహారాష్ట్రలోని తిప్పేశ్వర్ నుంచి పులులు భీంపూర్ మండలం వైపు వస్తుంటాయి. ఊరి చివర వెలుగు ఉండాలి. పట్టణంలో ఖాళీ రోడ్ల మీద మాత్రం డిమ్ చేయొచ్చు.

ఆఫీసుల్లో పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 చిల్లర. నీటి మోటార్ల సంగతి మరో స్టోరీ.

ఆదిలాబాద్ మున్సిపాలిటీలో 49 వార్డులు. రోజుకో వార్డు చొప్పున మధ్యాహ్నం తిరిగి వెలిగే లైట్లు లెక్కపెడితే రెండు నెలల్లోపే జాబితా చేతికొస్తుంది. అయ్యే ఖర్చు బైక్ పెట్రోలే.