ఆఖరి పట్టు

మల్లయుద్ధపు వీడియో ఆట అనగానే పెద్దలలో చాలామంది మొగం చిట్లించుకొంటారు. చదువుకొనవలసిన వయస్సులో తెర ముందు కూర్చొని, ఒక బొమ్మ మనిషి చేత మరొక బొమ్మ మనిషిని ఎత్తి కుదేయించడంలో ఏమి ఆనందం ఉన్నదని వారి ప్రశ్న. ప్రశ్న సహేతుకమైనదే. దానికి దాటవేసే సమాధానం చెప్పడం మాకు ఇష్టం లేదు. ఆనందం ఉన్నది. అది ఎక్కడ పుడుతున్నదో, ఒక పట్టులో అధికంగాను మరొక పట్టులో స్వల్పంగాను ఎందుకు కలుగుతున్నదో విచారిస్తే, ఆ విచారణ కేవలం ఆటకే పరిమితమై పోదని మా నమ్మకం.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ అనబడే ప్రదర్శనలో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయన్నది నేడు ఎవరూ దాచే రహస్యం కాదు. ఈ ప్రదర్శనలో పేరుగన్న ప్రతి మల్లుడికీ తనదైన ఒక ఆఖరి పట్టు ఉంటుంది. ఇంగ్లీషువారు దానిని ఫినిషర్ అంటారు. మన ఉర్దూ మిత్రులు ఆఖరీ దావ్ అనవచ్చు. స్టీవ్ ఆస్టిన్‌కు స్టన్నర్, రాక్‌కు రాక్ బాటమ్, అండర్‌టేకర్‌కు టూంబ్‌స్టోన్, షాన్ మైకేల్స్‌కు స్వీట్ చిన్ మ్యూజిక్, రాండీ ఆర్టన్‌కు ఆర్‌కెఓ. గజల్ చివరి షేర్‌లో కవి తన తఖల్లుస్ పొదిగినట్లు, శతకకారుడు ప్రతి పద్యం చివర మకుటం నిలిపినట్లు, మల్లుడు ఈ పట్టులో తన సంతకం పెడతాడు. అది పడిన తరువాత ఎదుటివాడు లేవడని ప్రేక్షకుడు నమ్ముతాడు.

అయితే మకుటం ఒక్కటే పద్యం కాదు. పై పాదాలలో బిగువు లేనప్పుడు మకుటం ఎంత గంభీరంగా ఉన్నా వ్యర్థమే. ఆఖరి పట్టు సంగతీ అంతే. దానిలోని తృప్తి దాని బలంలో లేదు. దానికి ముందు జరిగిన పోరాటంలో ఉన్నది. మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇది.

ఇందుకు నిదర్శనంగా 2000వ సంవత్సరంలో నింటెండో 64 యంత్రం కోసం వెలువడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నో మెర్సీ అనే ఆటను తీసుకొందాము. జపానుకు చెందిన అకీ సంస్థ దీని రూపకల్పనలో పాలుపంచుకొన్నది. ఇందులో మీటను తేలికగా నొక్కితే తేలిక పట్టు, అదిమి ఉంచితే బలమైన పట్టు పడుతుంది. తెర మీద ఒక కొలబద్ద ఉంటుంది. మన దెబ్బలు తగిలినకొద్దీ అది పెరుగుతుంది. మనం దెబ్బలు తిన్నకొద్దీ తరుగుతుంది. అది పూర్తిగా నిండినప్పుడు, అదీ కొద్దిసేపు మాత్రమే, ఆఖరి పట్టుకు అవకాశం లభిస్తుంది. ఆ వ్యవధిలో ప్రత్యర్థిని సమీపించి, బలమైన పట్టు సాధించి, చేతిలోని జాయ్‌స్టిక్‌ను కదిలించాలి. అతడు అంతలో తప్పించుకొన్నాడా, మన శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే. కనుక ఇక్కడ ఆఖరి పట్టు హక్కుగా లభించేది కాదు. సంపాదించుకొని, జారిపోకముందే వినియోగించుకొనవలసినది.

అదే సంవత్సరంలో ప్లేస్టేషన్ కోసం యూక్స్ సంస్థ రూపొందించిన స్మాక్‌డౌన్ ఆటల పద్ధతి వేరు. అక్కడ కొలబద్ద నిండిన ప్రతిసారీ ఒక ఆఖరి పట్టు జమ అవుతుంది. వాటిని కూడబెట్టుకొని, కావలసినప్పుడు ఎల్1 మీట నొక్కి ఒకదాని వెంట ఒకటిగా ప్రయోగించవచ్చు. ఆ ఆటలలోని వేగం, సందడి మాకూ ప్రీతిపాత్రమే. ఆ వరుసలో 2003లో వచ్చిన హియర్ కమ్స్ ది పెయిన్‌ను నేటికీ మెచ్చుకొనేవారు అనేకులు. కాని మూడు రాక్ బాటమ్‌లు వరుసగా వేసిన వానికి మూడవదానిలో ఏపాటి రుచి మిగులుతుంది? పాయసం మధురమైనదే, మూడు పూటలా అదే వడ్డిస్తే నాలుక మొద్దుబారుతుంది.

ఇక మూడవ పద్ధతి ఒకటున్నది. జపానులో హ్యూమన్ సంస్థ 1989లో ఆరంభించిన ఫైర్ ప్రో రెజ్లింగ్ ఆటలలో కొలబద్దే లేదు. మొదట చిన్న పట్లు, తరువాత మధ్యరకం, ఆ తరువాతనే పెద్దవి. తొందరపడి ఆరంభంలోనే పెద్ద పట్టుకు చేయి చాచినవానిని ప్రత్యర్థి అక్కడికక్కడే తిప్పికొడతాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొన్న క్షణాన్ని గుర్తించి సరిగా అప్పుడే మీట నొక్కాలి. ముందు నొక్కినా తప్పే. మన తాలీంఖానాలలో వస్తాదులు కొత్త శిష్యుల చేత దండాలు, బైఠకులు తీయించి తీయించి, ఆ పిమ్మటనే పట్లు నేర్పుతారు. ఆ క్రమశిక్షణకు ఈ జపాను ఆట ఎంత దగ్గరగా ఉన్నదో గమనించదగినది.

ఇప్పుడు ఆఖరి పట్లలో తారతమ్య నిర్ణయానికి వద్దాము. మా దృష్టిలో ఇవి మూడు విధాలు. మెరుపు వంటివి మొదటి రకం. ఆర్‌కెఓ ఇందుకు చక్కని ఉదాహరణ. 2013లో వచ్చిన డబ్ల్యూడబ్ల్యూఇ 2కె14లో, పైనుండి దూకివస్తున్న ప్రత్యర్థిని గాలిలోనే అందుకొని ఆ పట్టు వేసే సౌకర్యం కల్పించారు. ఆ క్షణం అద్భుతం, అయితే క్షణికం. రెండవ రకం ఓర్పుకు సంబంధించినవి. కాళ్ళు మెలివేసి పట్టే షార్ప్‌షూటర్ వంటి పట్లలో ఎదుటివాడు తానుగా లొంగిపోయే వరకు నిరీక్షించాలి. తాడు అందుకొంటే అతడు బయటపడతాడు. ఇందులో ఇద్దరి పట్టుదలా తెలుస్తుంది.

మూడవ రకం గాంభీర్యంతో కూడినవి. టూంబ్‌స్టోన్ అట్టిది. ప్రత్యర్థిని తలక్రిందులుగా ఎత్తి నిలిపి, మోకాళ్ళ మీదికి కూలడం, ఆపైన చేతులను రొమ్ము మీద కట్టి కప్పడం, అంతా ఒక అంత్యక్రియ వలె నడుస్తుంది. మా ఓటు దీనికే. 2010 మార్చి 28న జరిగిన 26వ రెజిల్‌మేనియాలో షాన్ మైకేల్స్ ఆ పట్టు తిని కూడా లేచాడు. నిలువలేని స్థితిలో, అండర్‌టేకర్ కంఠం కోసే సైగనే అతనికి చేసి చూపి, చెంప మీద కొట్టాడు. అండర్‌టేకర్ అతడిని ఎత్తి, గాలిలోకి ఎగిరి, మరల టూంబ్‌స్టోన్ వేశాడు. షరతు ప్రకారం మైకేల్స్ వృత్తిజీవితం ఆనాటితో ముగియవలసి వచ్చింది. అదే పట్టు మొదటిసారి కంటె చివరిసారి గొప్పదిగా కనిపించడానికి కారణం ఏమిటి? ఓడిన మనిషి చూపిన ధైర్యమే. 2కె14లో అండర్‌టేకర్ రెజిల్‌మేనియా జైత్రయాత్రను భగ్నం చేసేందుకు ఒక ప్రత్యేక విభాగమే ఉన్నది. అందులో అతడిని గెలవడం బహు కష్టం. కనుకనే అక్కడ దక్కిన ఒక్క విజయం, సులువుగా దక్కిన పది విజయాలకు సాటి.

ఈ సత్యం కల్పిత పోటీలకే చెందినది కాదు. నిజమైన కుస్తీలో జగజ్జెట్టిగా ప్రసిద్ధి పొందిన గామా పహిల్వాన్ 1910లో లండనులో పోలండు మల్లుడు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడాడు. జిబిస్కో నేలను కరచుకొని ఉండిపోయినందున ఆనాడు ఫలితం తేలలేదు. తిరిగి 1928లో పటియాలాలో ఆ ఇద్దరూ తలపడినప్పుడు గామా ఒక్క నిమిషం లోపలే అతడిని చిత్తు చేశాడు. చూచినవారికి అది ఒక్క నిమిషం. దాని వెనుక ఉన్నవి 18 సంవత్సరాలు. ఆ నిమిషం విలువను ఆ సంవత్సరాలు లేకుండా లెక్కకట్టగలమా?

ఇంతవరకు మేము ఆటను సమర్థించాము. దాని లోపాన్ని కూడా చెప్పకపోతే పక్షపాతమవుతుంది. ఆఖరి పట్టులో ఉన్న అతి ముఖ్యమైన రహస్యాన్ని వీడియో ఆట మన కంటికి చూపదు. ప్రదర్శనలో ఆ పట్టును వేసేవాడు ఒక్కడు కాదు, ఇద్దరు. స్టన్నర్‌నే చూడండి. ఆస్టిన్ కడుపులో తన్ని, వెనుదిరిగి, ఎదుటివాని తలను భుజం మీదికి తీసుకొని కూర్చొంటాడు. అంత దూరం ఎగిరిపడేది మాత్రం దెబ్బ తిన్నవాడే. రాక్ ఆ పట్టుకు ఎగిరిపడే తీరు లోకప్రసిద్ధం. ఒకడు తన మెడను మరొకని చేతిలో పెడతాడు. ఆ రెండవవాడు దానిని కాపాడతాడు. ఈ నమ్మకంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఏమి జరుగుతుందో 1997 సమ్మర్‌స్లామ్‌లో లోకం చూచింది. ప్రత్యర్థి వేసిన పైల్‌డ్రైవర్‌లో ఆ ఆస్టిన్ తలే నేలకు తగిలింది. కొద్దిసేపు అతని కాళ్ళు చేతులు కదలలేదు. 2000లో మెడకు శస్త్రచికిత్స జరిగింది. 2003లో నిత్యపోటీల నుండి తప్పుకొన్నాడు. తెర మీది బొమ్మ నూరుసార్లు పడి నూటొకటవసారి లేస్తుంది. మనిషి మెడకు అట్టి వరం లేదు. హాస్టలు గదులలో పరుపులు పరచుకొని ఈ పట్లను తోటివారి మీద ప్రయత్నించే తమ్ములు ఈ సంగతి మరువరాదు.

2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఇ ప్రదర్శన జరిగినప్పుడు, జాన్ సీనా బరిలోకి దిగాడు. ఫలితం ముందే నిర్ణయమైనదని తెలిసి కూడా జనం తరలివచ్చారు. వారు చూడవచ్చినది ఎవరు గెలుస్తారన్నది కాదు, ఎలా గెలుస్తారన్నది. దీనిని మేము అమాయకత్వమని తలచడం లేదు. కథ తెలిసిన నాటకానికి పదేపదే వెళ్ళే రసికత కూడా ఇట్టిదే.

కుస్తీ, పహిల్వాన్ అనే మాటలు పారసీకం నుండి ఉర్దూ ద్వారా మన తెలుగులోకి నడచివచ్చాయి. ఉస్తాద్ మన నోట వస్తాదు అయినాడు. ఆ మాటలతో పాటు ఒక మర్యాద కూడా వచ్చింది. గోదాలో దిగినవారు కుస్తీకి ముందు చేయి కలుపుతారు. కుస్తీ ముగిసిన తరువాత కూడా కలుపుతారు. పక్కపక్కన కూర్చొని వీడియో ఆట ఆడే ఇద్దరు మిత్రులకు కూడా ఈ మర్యాద వర్తిస్తుందని మా అభిప్రాయం. లొంగనివానిని, తప్పించుకొనే అవకాశం ఉన్నవానిని, కడవరకు పోరాడినవానిని గెలిచినప్పుడే ఆఖరి పట్టు ఆనందమిస్తుంది. ఆ ఆనందంలో సగభాగం ఓడినవాడు ఇచ్చినదే. గెలిచినవాడు ఆ ఋణాన్ని గుర్తించి, ముందుగా తానే చేయి చాచడం న్యాయం.