మెతుకు లెక్క

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని పెద్దలందురు. ఒకే మంటపై ఒకే కుండలో ఉడికిన అన్నమునకు ఆ మాట చెల్లును. ఒకచోట సాగరు కాలువ నీరును, మఱియొకచోట వానదేవుని దయయు ఆధారముగా బ్రదుకు వినుకొండ సీమకు చెల్లదు.

2021లో నల్ల తామరపురుగు గుంటూరు జిల్లా మిరపతోటలను పాడుచేసినప్పుడు, నష్టమెంత యనునది రైతు కుటుంబములకు ప్రాణప్రశ్న యయ్యెను. ఇట్టివేళ “నూటికి ఇంతమంది నష్టపోయిరి” అని ఎవరు చెప్పినను, నమ్ముటకు ముందు నాలుగు విషయము లడుగవలయును.

మొదటిది: మనుష్యుల నెట్లు ఎన్నుకొనిరి? గుంటూరు మిర్చి యార్డునకు బస్తాలతో వచ్చినవారినే అడిగిన, తోట పీకివేసి యింట కూర్చున్నవాని గోడు లెక్కకు రాదు. చీటీలు వేసి తీసినట్లు ప్రతి రైతునకును సమానావకాశ ముండవలయును. ఇది తప్పిన లక్షల జవాబులును వ్యర్థమే. 1936లో అమెరికాలోని లిటరరీ డైజెస్టు పత్రిక ఇరువది లక్షలకు పైబడిన జవాబులు కూర్చి లాండన్ గెలుచునని చాటినది, గెలిచినవాడు రూజ్వెల్టు!

రెండవది: ఒకరి జవాబు మఱియొకరి జవాబునకు ప్రతిధ్వని కారాదు. ఒకే కాలువ క్రింది నలువదిమంది నలువది సాక్ష్యములు కారు. మూడవది: నమూనా మొత్తములో పదియవవంతు మించరాదు, మించినచో సూత్రమును సవరింపవలయును.

నాలుగవది: అవునన్నవారుగాని కాదన్నవారుగాని పదిమందికి తగ్గరాదు. నలువదిమందిలో ముగ్గురే అవుననిరనుకొందము. నూటికి 7.5. వాడుక సూత్రముచే హెచ్చుతగ్గులు 8.2; అనగా క్రింది హద్దు సున్నకంటె తక్కువ! సున్నకంటె తక్కువమంది నష్టపోవుట యెట్లు? అదే నన్నూరుమందిలో 220 మంది అవుననిన నూటికి 55, హెచ్చుతగ్గులు సుమారు 5. ఇట్లు నూరుమారులు లెక్కించిన, సుమారు తొంబదియైదుమారులు నిజము హద్దులలో చిక్కును. అయినను ఈ హద్దులు చీటీల చపలత్వమునే కొలుచును. అడిగినవాని పక్షపాతమును కొలువవు.

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. మహలనోబిస్ పండితుడు 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించెను. 1950లో జాతీయ నమూనా సర్వే వెలసినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945 నాటి వ్యాసముచే జగద్విఖ్యాతుడయ్యెను. అట్టివారి దేశమున అడ్డగోలు అంకెలు చెలామణి యగుట తలవంపు.

సర్కారు కానిండు, పార్టీ కానిండు, పత్రిక కానిండు, ఎందరిని, ఎక్కడ, ఎట్లడిగిరో, ఎందరు జవాబీయలేదో అంకెతోపాటు ప్రకటింపవలయును. ప్రకటింపనివారి అంకెను త్రోసిపుచ్చుట ప్రజల హక్కు. రైతు పక్షమున అది కర్తవ్యము కూడను.