ఆగిన రియాక్టర్‌కు అందాల్సిన కరెంటు

భూకంపం వచ్చినప్పుడు అణు రియాక్టర్‌ను ఆపడం కష్టం కాదు. నేల ఒక మోతాదు మించి కదిలితే నియంత్రణ కడ్డీలు కొన్ని సెకన్లలో దిగిపోయి గొలుసుకట్టు చర్యను ఆపేస్తాయి. ఆగని వేడితోనే చిక్కు. అప్పటికే చీలిపోయిన యురేనియం శకలాలు రేడియోధార్మికత వల్ల వేడిని పుట్టిస్తూనే ఉంటాయి. రియాక్టర్ ఆగిన మరుక్షణం ఆ వేడి పూర్తి ఉష్ణశక్తిలో 6, 7 శాతం ఉంటుంది. గంటకు సుమారు ఒకటిన్నర శాతానికి, ఒక రోజుకు దాదాపు అర శాతానికి తగ్గుతుంది. అర శాతం అంటే చిన్నదేమీ కాదు. తమిళనాడు తీరంలోని కల్పాక్కంలో ఉన్న 220 మెగావాట్ల రియాక్టర్‌లో ఉష్ణశక్తి 800 మెగావాట్ల వరకు ఉంటుంది కాబట్టి, ఆగిన మర్నాడు కూడా 4 మెగావాట్ల వేడిని బయటికి తోడాలి. తోడడానికి పంపులు కావాలి, పంపులు తిరగడానికి కరెంటు కావాలి. రియాక్టర్ ఆగాక ఆ కరెంటు బయటి గ్రిడ్ నుంచో డీజిల్ జనరేటర్ల నుంచో రావాలి. అందుకే దెబ్బతిన్న అణు కేంద్రాన్ని అదుపు చేయడం, విద్యుత్ సరఫరాను నిలబెట్టడం విడివిడి పనులు కావు.

2011 మార్చి 11న జపాన్‌లో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఫుకుషిమా దాయిచిలో పనిచేస్తున్న మూడు రియాక్టర్లూ అనుకున్నట్టే ఆగాయి. భూకంపానికి బయటి లైన్లు తెగిపోగా డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాల తర్వాత వచ్చిన సునామీ, జనరేటర్లలో చాలావాటినీ స్విచ్‌గేర్ గదులనూ ముంచేసింది. అవి నేలమాళిగల్లో ఉండటమే శాపమైంది. సిబ్బంది కార్ల బ్యాటరీలు విప్పి తెచ్చి మీటర్లు చూశారు, ఫైరింజన్లతో రియాక్టర్లలోకి నీళ్లు కొట్టారు. జనరేటర్ వాహనాలు తెప్పించి కేబుల్ పరిచేసరికి, 12న ఒకటో యూనిట్‌లో హైడ్రోజన్ పేలి ఆ కేబుల్ దెబ్బతింది. 14న మూడో యూనిట్, 15న నాలుగో యూనిట్ భవనాలు పేలాయి. అదే ప్రాంగణంలో కాస్త ఎత్తున, గాలితో చల్లబడే ఒకే ఒక్క జనరేటర్ పనిచేస్తూ మిగిలింది. 5, 6 యూనిట్లను కాపాడింది అదే.

అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఫుకుషిమా దైనిని కూడా అలలు ముంచెత్తాయి. కానీ అక్కడ ఒక బయటి లైను బతికింది. దాదాపు 200 మంది సిబ్బంది బరువైన కేబుల్‌ను భుజాల మీద మోసి, ఒకటిన్నర రోజులోపే 9 కిలోమీటర్ల మేర పరిచి పంపులకు కరెంటు అందించారు. 15వ తేదీ కల్లా నాలుగు రియాక్టర్లూ చల్లబడ్డాయి. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావాను సముద్రమట్టానికి 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. దానికున్న ఐదు బయటి లైన్లలో ఒకటి నిలిచింది. ఇళ్లు కోల్పోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు. మూడు చోట్లా భూకంపం ఒక్కటే, సముద్రం ఒక్కటే. ఒక లైను మిగలడం, కొన్ని మీటర్ల ఎత్తు ఉండటం ఫలితాన్ని మార్చేశాయి.

భారతదేశం ఈ పరీక్షను అంతకుముందే రెండుసార్లు ఎదుర్కొంది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోవడంతో కేంద్రం మొత్తానికీ సుమారు 17 గంటల పాటు కరెంటు లేదు. సిబ్బంది పొగలోనే పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రావణాన్ని రియాక్టర్‌లోకి వదిలారు. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపుల నీటిని ఆవిరి జనరేటర్లకు మళ్లించి వేడిని తీశారు. 2004 డిసెంబర్ 26న మంగినపూడి తీరం మీద విరుచుకుపడిన సునామీయే కల్పాక్కం పంప్‌హౌస్‌లోకీ చొరబడింది. నడుస్తున్న రెండో యూనిట్‌ను ఆపేశారు. బయటి కరెంటు పోలేదు, రియాక్టర్ క్షేమంగా చల్లబడింది. పక్కనే కడుతున్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ పునాది గొయ్యి మాత్రం నీటితో నిండిపోయింది, సిబ్బంది నివసించే టౌన్‌షిప్‌లో ప్రాణాలు పోయాయి. ఈ చివరి విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. విపత్తు రోజున రియాక్టర్ దగ్గర పనిచేయాల్సినవాడి ఇంట్లోకీ అదే నీరు వస్తుంది.

రియాక్టర్ చల్లబడ్డాక సరఫరా లోటు మొదలవుతుంది. కల్పాక్కం తరహా రియాక్టర్లు ఒకసారి ఆగి వెంటనే మొదలుకాకపోతే, లోపల పేరుకునే జెనాన్ వల్ల ఒకటిన్నర రోజు దాకా తిరిగి రాజుకోవు. భూకంపం తర్వాతైతే ప్రతి పైపునూ ప్రతి ఆధారాన్నీ తనిఖీ చేయాలి. జపాన్‌లో 2007 జులై 16న వచ్చిన భూకంపానికి ఏ రియాక్టర్ గర్భమూ దెబ్బతినకపోయినా, ఏడు యూనిట్లతో 8,212 మెగావాట్లిచ్చే కాశివజాకి కరివా అణు కేంద్రం మొత్తం మూతపడింది. అందులో ఒక యూనిట్ తిరిగి మొదలు కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2011లో టోక్యో విద్యుత్ సంస్థ మార్చి 14 నుంచి ప్రాంతాలవారీగా వంతులు వేసి కోతలు పెట్టింది. దేశానికి పడమట మిగులు కరెంటు ఉన్నా తూర్పుకు తేలేకపోయారు. తూర్పు 50 హెర్ట్జ్, పడమర 60 హెర్ట్జ్. మధ్యలో మార్చే కేంద్రాల సామర్థ్యం 1,000 మెగావాట్లకు కొంచెం ఎక్కువ, అంతే. ఆ వేసవిలో పెద్ద వినియోగదారులు 15 శాతం వాడకం తగ్గించాలని ప్రభుత్వం ఆదేశించింది.

భారత గ్రిడ్‌కు ఆ చీలిక లేదు. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ రాయచూరు-సోలాపూర్ లైనుతో మిగతా దేశంతో కలిశాక దేశమంతా ఒకే పౌనఃపున్యం మీద నడుస్తోంది. కూచిపూడిలో వెలిగే దీపానికి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంతో పాటు కల్పాక్కం, కైగా అణు కేంద్రాల్లో రాష్ట్రానికి దక్కే వాటా కూడా తోడవుతుంది. ఒకచోట లోటు పడితే మరోచోటి నుంచి తెచ్చుకోవచ్చు, తెచ్చే లైన్లు నిలిచి ఉంటేనే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిని చీకటిలో ముంచిన గ్రిడ్ వైఫల్యం దక్షిణానికి పాకలేదు, అప్పటికి కలవలేదు కాబట్టి. ఇప్పుడు ఆ ఎడం లేదు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ అణు కేంద్ర ప్రతిపాదనను ఈ కోణంలోనే చూడాలి. అక్కడ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు, అంటే 7,248 మెగావాట్లు ఒకే తీరంలో పెట్టాలన్నది ఆలోచన. కాశివజాకి పరిమాణానికి అది కొంచెమే తక్కువ. ఉత్తరాంధ్ర తీరం భూకంపాల పరంగా నెమ్మదైనదే కావచ్చు. కానీ ఒక తనిఖీ కోసం కేంద్రమంతా ఆగినా రాష్ట్రానికి ఏళ్ల తరబడి లోటు మిగులుతుంది. అక్కడ పెట్టాలనుకుంటున్న ఏపీ 1000 నమూనా రియాక్టర్‌లో పైన నిలవ ఉంచిన నీటితో కరెంటు లేకుండానే 72 గంటలు చల్లబడే ఏర్పాటు ఉంది. ఇది నిజంగా మెరుగైన రక్షణ. 72 గంటల తర్వాత మాత్రం ఆ నీటిని ఎవరో తిరిగి నింపాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు టవర్లు కూలి విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది, రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి. మూడు రోజుల గడువును అలాంటి వారంతో పోల్చి లెక్కగట్టాలి. కేంద్రానికి వచ్చే లైన్లన్నీ ఒకే దారిన రాకూడదు. జనరేటర్లు, స్విచ్‌గేర్ ఊహించగల అత్యధిక అలకన్నా పైన ఉండాలి. ఆరు యూనిట్లూ ఒకచోటే ఎందుకన్న ప్రశ్నకు భూసేకరణకు ముందే సమాధానం చెప్పాలి. ప్రమాదం జరిగితే ఖాళీ చేయించాల్సి రాగల 16 కిలోమీటర్ల అత్యవసర పరిధిలోని మత్స్యకార గ్రామాలకు ఆ సమాధానం తెలుగులో అందాలి.

కృష్ణా డెల్టాలో అణు కేంద్రం లేదు. అయినా గ్రిడ్ కూలితే ఆ దెబ్బ ఇక్కడా తగులుతుంది. 1967 ఒంగోలు భూకంపం, విజయవాడ దాకా తెలిసిన 2024 డిసెంబర్ 4 నాటి ములుగు ప్రకంపన ఒక మోస్తరువే. కానీ ఒండ్రు నేల కుదుపును పెంచుతుంది, తడి ఇసుక పొరలు జారి స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలూ ఒరుగుతాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచినప్పుడు విజయవాడలో నీరు చేరిన ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. 1977 ఉప్పెన చూసిన దివిసీమలో సబ్‌స్టేషన్లు ఎంత ఎత్తున ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

సరఫరా తిరిగి వచ్చే క్రమం కూడా ముందే తేలాలి. గ్రిడ్ పూర్తిగా కూలితే బయటి కరెంటు లేకుండా మొదలవగలిగే జల విద్యుత్ కేంద్రాలు తొలుత లేస్తాయి. వాటి నుంచి మొదటి వాటా అణు కేంద్రాల పంపులకూ థర్మల్ కేంద్రాలు రాజుకోవడానికీ వెళ్లాలి. ఊళ్లకు తర్వాతే వస్తుంది, అది న్యాయమే. కానీ ఊళ్ల మధ్య క్రమాన్ని ఆనాటి ఒత్తిళ్లకు వదిలేయకూడదు. ఆసుపత్రులు, టీకాలుండే ఆరోగ్య కేంద్రాలు, చెరువుల నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకులకు తాగునీరు ఎక్కించే పంపులు మొదటి వరసలో ఉండాలి. గుడివాడ, కైకలూరు, నాగాయలంక చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్లు కొన్ని గంటలు ఆగితే ఏడాది అప్పు నీళ్ల మీద తేలుతుంది. డీజిల్ జనరేటర్ పెట్టుకోలేని చిన్న రైతుల ఫీడర్లకు రాత్రి వేళలోనైనా వంతు రాసి ఉంచాలి. ఏ ఫీడర్ ఎన్నో వరసలో ఉందో ప్రతి గ్రామ సచివాలయంలో గోడ మీద అంటించడానికి పంపిణీ సంస్థకు కొత్త నిధులేమీ అక్కర్లేదు.