ఆటకు కూడా లెక్క రాద్దాం

 

ఈసారి గోడపత్రికలో ఆటల గురించి రాస్తున్నాను. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని కాదు. మనం ఆడే ఆటను మనమే లెక్కగట్టడం నేర్చుకోవాలి, అది మనకు లెక్కల పీరియడ్‌లోనే నేర్పాలి అని నా అభిప్రాయం.

లెక్కల పుస్తకంలో సగటు, శాతం, మధ్యగతం చదివాము. అందులో ఎవరివో ఎత్తులు, ఎవరివో మార్కులు ఇస్తారు. పరీక్ష అయిపోగానే మర్చిపోతాము. సాయంత్రం గ్రౌండులో మనం ఆడే కబడ్డీలో బోలెడన్ని అంకెలు పుడతాయి. అవి ఎవరూ రాయరు. టీము ఎంపిక రోజున ఎవరు గుర్తుంటారు? గట్టిగా కూత పెట్టే అక్క, పొడుగ్గా ఉండే అక్క గుర్తుంటారు. నోరెత్తకుండా ఆడే పిల్ల గుర్తుండదు. ఇది ఒకరి తప్పు కాదు. రాసి పెట్టుకోకపోతే ఎవరికైనా అంతే.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక అక్క 20 సార్లు కూతకు వెళ్ళి 8 పాయింట్లు తెచ్చింది, 9 సార్లు దొరికిపోయింది. ఒక చెల్లి 10 సార్లే వెళ్ళి 6 పాయింట్లు తెచ్చింది, ఒక్కసారే దొరికింది. ఎవరు బాగా ఆడారు? 8 పెద్దది కాబట్టి అక్కే అంటాము. కానీ దొరికిన ప్రతిసారీ అవతలివాళ్ళకు కనీసం ఒక పాయింటు పోతుంది. అక్క వల్ల టీముకు ఒక పాయింటు నష్టం. చెల్లి వల్ల 5 లాభం. ఇది ఒక్క తీసివేతే, కానీ చేసి చూస్తే గానీ తెలియదు.

ఇంకా లోతుకు పోవచ్చు. అవతల ఏడుగురు ఉన్నప్పుడు వెళ్ళడం వేరు, ఇద్దరే ఉన్నప్పుడు వెళ్ళడం వేరు. ఆరుగురు లేదా ఏడుగురు ఉంటేనే బోనస్ గీత పనికొస్తుంది. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి పట్టేస్తే వాళ్ళకు 2 పాయింట్లు. అందుకని పాయింటు పక్కన అవతల ఎంతమంది ఉన్నారో కూడా రాయాలి. పట్టేటప్పుడు కాలు పట్టిన పిల్లను అందరూ చూస్తారు. చెయ్యి వదలకుండా గొలుసుగా నిలబడిన పిల్లకు కూడా ఒక గడి ఉండాలి.

అంకె ఉంటే చాలదు, దేనితో భాగించారో తెలియాలి. మన హైదరాబాదు మిథాలీ రాజ్ వన్డేల్లో 232 మ్యాచ్‌లు ఆడి 7,805 పరుగులు చేసింది. 232తో భాగిస్తే 34 కూడా రాదు. కానీ ఆమె సగటు 50.68. ఎందుకంటే క్రికెట్‌లో ఔటైన సార్లతోనే భాగిస్తారు. ఆమె ఔటైంది 154 సార్లు. లెక్క ఎలా కట్టారో అడగని వాళ్ళను అంకెలతో ఎవరైనా మోసం చేయొచ్చు.

విశాఖపట్నం జ్యోతి యర్రాజీ సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో పరిగెత్తింది. అయినా జాతీయ రికార్డుగా ఒప్పుకోలేదు. వెనకగాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉంది. తర్వాతి నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తి, 2002 నుంచి ఉన్న 13.38 రికార్డును దాటింది. అంటే అంకె పక్కన గాలి కూడా రాస్తారన్నమాట. మనకూ అలాంటి గడి ఒకటి కావాలి. ఆ రోజు ఆ పిల్లకు జ్వరం ఉందా, కాలికి దెబ్బ ఉందా రాయాలి. తక్కువ వచ్చిన పిల్లను తిట్టడానికి ఈ లెక్క వాడకూడదు. ఒక్క ఆట చూసి తేల్చకూడదు, కనీసం పది ఆటలు చూడాలి.

ఇంత ఎందుకు అని కొందరు అడుగుతారు. బయట మన గురించి రెండు మాటలు అంటారు. ఒకటి, అడవి పిల్లలకు పరుగు పుట్టుకతోనే వస్తుంది అని. రెండు, వీళ్ళకు లెక్కలు రావు అని. మొదటిది మెచ్చుకోలు లాగా ఉంటుంది గానీ కాదు. పుట్టుకతోనే వస్తే పొద్దున్నే చలిలో లేచి గ్రౌండు చుట్టూ తిరిగేది ఎందుకు? నెల క్రితం ఎంత, ఇప్పుడు ఎంత అని రాసి ఉంటే అది మా కష్టం అని చూపించవచ్చు. రాసింది మేమే కాబట్టి రెండో మాటకు కూడా జవాబు అవుతుంది. తేనె, కుంకుడుకాయలు అమ్మేచోట లెక్క చూసుకోకపోతే తూకంలో నష్టపోతామని చదువురాని మా పెద్దవాళ్ళకే తెలుసు. ఆటలో మనం ఎందుకు నష్టపోవాలి?

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. అమెరికాలో బిల్ జేమ్స్ అనే ఆయన ఒక ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ బేస్‌బాల్ ఆట లెక్కలు రాసుకున్నాడు. 1977లో సొంతంగా పుస్తకం వేశాడు. తర్వాత పెద్ద టీములే ఆ పద్ధతి పట్టుకున్నాయి.

కాబట్టి మా విన్నపం. వారానికి ఒక్క లెక్కల పీరియడ్ గ్రౌండు లెక్కకు ఇవ్వండి. ఆడనివాళ్ళలో ఇద్దరు వంతులవారీగా రాస్తారు. మన మార్కాపురం పలకలకు పేరుపడిన ఊరు. గ్రౌండులో పలక మీద గీతలు గీసుకుని, రాత్రి స్టడీ అవర్‌లో నోటుబుక్కులోకి ఎక్కిస్తాము. పలక చెరిగిపోతుంది, నోటుబుక్కు ఉంటుంది. టీమును ఎంపిక చేసే రోజు పి.ఇ.టి. మేడమ్ గారు మా ఆట చూడండి, ఆ పుస్తకమూ చూడండి. రెండూ చూశాక ఎవరిని తీసుకున్నా మేము ఒప్పుకుంటాము.

— 9వ తరగతి విద్యార్థిని