160 ఎకరాలున్నా నిలవలేని రైతు

మెట్ట సేద్యం గిట్టాలంటే కమతం పెద్దది కావాల్సిందే, కెనడా గోధుమ పొలాలు చూడండి అని కొందరు పెద్దలు తరచూ సెలవిస్తుంటారు. సరే, చూద్దాం. లెక్కలు మాకూ వచ్చు.

1872 చట్టం కింద అక్కడి ప్రభుత్వం పశ్చిమ మైదానాల్లో వలస కుటుంబానికి 160 ఎకరాల చొప్పున ఇచ్చింది. (ఆ నేల ఆదివాసుల చేతుల్లోంచి ఎలా పోయిందన్నది మరో కథ.) మన రైతు చెవికి 160 ఎకరాలంటే జమీందారీయే. కానీ సస్కాచువాన్ దక్షిణ మెట్టల్లో ఏడాది వాన 350 మిల్లీమీటర్లు అటూ ఇటూ. పదును నిలవడానికి ఆ రోజుల్లో పొలంలో సగమో, మూడోవంతో బీడు పెట్టేవారు. సగం బీడు పోగా సాగుకు మిగిలేది 80 ఎకరాలు. ఎకరాకు 15 బుషెళ్లు పండాయనుకుందాం (బుషెలంటే 27 కిలోలు). మొత్తం 1,200 బుషెళ్లు. 1932 డిసెంబరులో ధర బుషెలుకు 40 సెంట్ల కిందికి పడింది. ఏడాది కష్టానికి 480 డాలర్లు కూడా రాలేదన్నమాట! విత్తనం, రైలు కిరాయి, బాకీ వడ్డీ అందులోంచే. 1937 కరువులోనైతే ఆ రాష్ట్రంలో సగటున ఎకరాకు 3 బుషెళ్లు కూడా పండలేదు.

అందుకే పొలాలు పెరిగాయి. కోతయంత్రం 300 ఎకరాలు కోసినా, 1,500 కోసినా వాయిదా ఒక్కటే. ఎకరా ఖర్చు తగ్గుతుంది. ఇది నిజమే, కాదనం. అయితే కమతం పెద్దదని వాన ఎక్కువ కురవదు కదా! తగ్గిన ఖర్చూ రైతు ఇంట నిలవలేదు. పక్కవాడి పొలం కొనడానికి పోటీ, భూమి ధర పెరగడం, ఇంకా పెద్ద యంత్రం, ఇంకా పెద్ద అప్పు. 1936లో సస్కాచువాన్‌లో 1,42,000 పైచిలుకు కమతాలుంటే 2021లో మిగిలినవి 34,128. సగటు కమతం 1,766 ఎకరాలు. (ఇప్పుడు గోధుమతోపాటు నూనెగింజలూ, మన బజారుకొచ్చే మసూరుపప్పూ వేస్తున్నారు.) పోయిన లక్ష కుటుంబాలకు సేద్యం చేతకాలేదనా?

రైతుకు కాస్త ఊపిరినిచ్చినవి వేరే: 1924లో తాము కట్టుకున్న గోధుమ సహకార సంఘం, 1935లో వచ్చిన గోధుమ బోర్డు, 1897 ఒప్పందంతో మొదలైన చౌక రైలు కిరాయి. ఆ కిరాయి రాయితీ 1995లో పూర్తిగా పోయింది. బోర్డుకున్న ఏకైక కొనుగోలు హక్కు 2012లో పోయింది. ఈ మాట మాత్రం మన పెద్దలు చెప్పరు!

2013లో కెనడా పెన్షన్ పెట్టుబడి సంస్థ అక్కడ సుమారు 1,15,000 ఎకరాల కొనుగోలుకు ఒప్పందం చేసుకుంది. ఇలాంటి కొనుగోలుదారు ముందు 1,766 ఎకరాల ఆసామీ చిన్నకారు రైతే. చివరకు పెన్షన్ నిధులు పొలాలు కొనకుండా రాష్ట్ర ప్రభుత్వమే చట్టం తేవలసి వచ్చింది.