వేలిముద్ర గుర్తే, తాళం కాదు

జహీరాబాద్ చుట్టుపక్కల కొన్నేళ్లుగా భూమి చేతులు మారుతూనే ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి) కోసం భూసేకరణ సాగింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక స్మార్ట్ నగరాల్లో జహీరాబాద్ ఒకటి. భూమి అమ్మినా, కొన్నా, బిడ్డ పేరిట రాసిచ్చినా దస్తావేజు పుడుతుంది. అందులో పేరు, ఊరు, ఫొటో, వేలిముద్ర ఉంటాయి. వెంట ఆధార్ జిరాక్స్ ఉంటుంది. అమ్మిన సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరుతుంది. ఆ ఖాతా నుంచి డబ్బు తీయడానికి కావలసినవి కూడా దాదాపు ఈ వివరాలే. గుర్తింపు చోరీ ముప్పు ఇక్కడ మొదలవుతుంది. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అన్న ప్రచారం అవసరమే. కానీ ఎవరికీ ఏమీ చెప్పని మనిషి ఖాతా కూడా ఖాళీ కాగలదని తెలుగు రాష్ట్రాల్లో బయటపడ్డ కేసులే చెబుతున్నాయి. అందుకే జాగ్రత్త భారమంతా పౌరుడి నెత్తిన పెట్టి వ్యవస్థలు పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డుల పంపిణీదారు ఒకరు పోలీసులకు చిక్కారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటిపై ఉన్న వేలిముద్రలను రబ్బరు స్టాంపుల యంత్రంతో అచ్చు పోసి, అమ్మకాల టార్గెట్ల కోసం వేల సిమ్‌లను పరుల పేర్ల మీద యాక్టివేట్ చేశాడన్నది పోలీసుల అభియోగం. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇదే దారిలో మరో అడుగు ముందుకు వేసింది. ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల నుంచి తీసిన ముద్రలతో ఏకంగా బ్యాంకు ఖాతాల్లోంచి సొమ్ము లాగిందని పోలీసులు వెల్లడించారు. ఒకరి భూమిని మరొకరు యజమానిలా నటించి అమ్మకుండా చూడాలనే రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఎ సెక్షన్ చేర్చి దస్తావేజుపై ఫొటో, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. కొనేవారు సరిచూసుకునేందుకు దస్తావేజు అందుబాటులో ఉండాలన్నదీ సరైన విధానమే. అయితే కాగితంపై అందరికీ కనిపించే ముద్రనే బ్యాంకు రహస్యంగా లెక్కగట్టడంతో మోసగాళ్లకు దారి దొరికింది.

ఆధార్ ఆధారిత చెల్లింపు వ్యవస్థ, అంటే ఏఈపీఎస్, పల్లెకు చేసిన మేలు చిన్నది కాదు. బ్యాంకు లేని ఊళ్లో కూడా బ్యాంకు ఏజెంటు అయిన బ్యాంక్ మిత్ర దగ్గర వేలు పెట్టి కూలి డబ్బులు, పింఛను తీసుకోవచ్చు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కార్డు, పిన్, ఓటీపీ అక్కర్లేదు. ఆ సౌలభ్యమే దాని బలహీనత. పిన్ బయటపడితే మరునాడే కొత్తది పెట్టుకుంటాం. వేలి గీతలు మాత్రం పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అవే.

ఈ భారం వ్యవస్థలే మోయాలంటే మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. నిర్లక్ష్యంగా జిరాక్స్‌లు పంచిన జనానిదే తప్పన్నది మొదటిది. కానీ రిజిస్ట్రేషన్‌కు వేలిముద్ర ఇవ్వనని ఏ రైతూ అనలేడు. చట్టం అడిగినందుకే ఇచ్చాడు. కొత్త సాంకేతికత వచ్చింది కదా అన్నది రెండోది. పెట్టినది బతికున్న వేలేనా అని పసిగట్టే పద్ధతిని ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది. రబ్బరు ముద్రకు అది అడ్డుకట్టే. అయితే ‘వేలు పడలేదు, మళ్లీ పెట్టు’ అని రెండుసార్లు సొమ్ము తీసే ఏజెంటు చేతిలో ఉన్నది బతికున్న వేలే. బయోమెట్రిక్‌కు తాళం వేస్తే రేషన్, పింఛను ఆగుతాయన్న మూడో అభ్యంతరంలో మాత్రం నిజముంది. తాళం ఉంటే వేలిముద్ర, కంటిపాప రెండూ పనిచేయవు. అవసరమైనప్పుడు కొద్ది నిమిషాలపాటు తెరుచుకునే వీలున్నా, ఆధార్‌కు ఫోన్ నంబరు లింకు కాని వృద్ధురాలికి అది అందని ద్రాక్షే. అందువల్ల తాళం ఒక్కటే పరిష్కారం కాదు. ఖాతాదారు కోరితే తప్ప ఏఈపీఎస్‌లో డబ్బు తీసే వీలు ఉండకూడదు. అప్పుడు రేషన్ దుకాణంలో వేలు పనిచేస్తుంది, ఖాతా మాత్రం భద్రంగా ఉంటుంది.

అంతవరకూ మన చేతిలో ఉన్న పనులు మనం చేయాలి. ఫోన్ వాడే ఇంటివాళ్లు ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్ తాళం వేసుకోవచ్చు. జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దానిమీద ఎందుకిస్తున్నామో తేదీతో సహా రాయాలి. మన పేరిట ఎన్ని ఫోన్ కనెక్షన్లు ఉన్నాయో టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. డబ్బు తీసిన ప్రతిసారీ రసీదు అడగాలి, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించాలి. తీయని సొమ్ము పోయినట్టు తెలిస్తే ఆ రోజే బ్యాంకుకు రాసివ్వాలి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం, మూడో పక్షం వల్ల జరిగిన మోసాన్ని, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుపై భారం పడదు. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సింది బ్యాంకే. ఈ హక్కు సంగతి ప్రతి బ్యాంకు శాఖ గోడ మీద తెలుగులో, ఉర్దూలో, కన్నడలో రాసి ఉండాలి.

ఐటీ చట్టం 66సి సెక్షన్ గుర్తింపు చోరీకి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. కానీ శిక్ష దొంగ దొరికాకే. దొంగకు సరుకు అందకుండా చేయడం ముందుపని: అందరికీ చూపే దస్తావేజు ప్రతిలో వేలిముద్రను చెరిపి, అసలును కార్యాలయంలో భద్రపరచాలి. పరిశ్రమల కోసం భూమి ఇచ్చిన రైతుకు పరిహారం ఎంత ముఖ్యమో, ఆ పరిహారం అతని ఖాతాలో నిలవడం అంతే ముఖ్యం. వేలు ఇమ్మని అడిగిన ప్రతి కార్యాలయమూ ఆ ముద్రకు కాపలా కూడా కాయాలి.