ఎత్తు కొలుస్తున్నాం, మోత ఎందుకు కొలవం?

కొత్త విమానాశ్రయం వస్తున్న భోగాపురంలో గజం ధర ఎంతో తగరపువలస టీకొట్టు దగ్గర అడిగినా చెప్తారు. ఏ వెంచర్ మీదుగా విమానం ఎంత ఎత్తున పోతుందో అడిగితే మాత్రం ప్లాటు అమ్మే ఏజెంటుకే తెలియదు.

అదేమంత కష్టమైన లెక్క కాదు. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వేకు ఐదు కిలోమీటర్ల ఇవతల దాదాపు 275 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కిందే మనం అపార్ట్‌మెంట్లూ బడులూ కట్టుకుంటాం.

శంషాబాద్ రన్‌వేకు తూర్పున ఉన్న ఒక బడిలో నేను ఫిజిక్స్ చెప్పాను. పడమటి గాలి వీచే వానాకాలంలో దిగే విమానాలన్నీ మా వైపు నుంచే వచ్చేవి. విమానం వచ్చినప్పుడల్లా బోర్డు మీద చాక్‌పీసు ఆగేది. "సార్, మళ్ళీ చెప్పండి" అని ముందు బెంచీ వాళ్ళు అడిగేవారు. వెనక బెంచీ పిల్లలు అడగరు, ఆ ముక్క వాళ్ళకి పోయినట్టే. ఆ భవనం కట్టేటప్పుడు ఎత్తుకు అనుమతి తెచ్చుకున్నారు. మోత సంగతి అడిగినవాడు లేడు, ఎందుకంటే అడగాలన్న నిబంధనే లేదు.

కొలతలు లేక కాదు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెప్తున్నాయి. రద్దీ విమానాశ్రయాల చుట్టూ రాత్రి 65 వరకు ఉండొచ్చని 2018లో కేంద్రం నోటిఫై చేసింది. పైగా ఆ 65 సగటు. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా పది విమానాలు, ఒక్కోటి ఇరవై సెకన్లపాటు 85 డెసిబెల్స్ మోతతో పోయాయనుకోండి. సగటు కడితే 63 చిల్లర. కాగితం మీద అంతా సవ్యమే. ఉయ్యాలలో పసిబిడ్డ మాత్రం పదిసార్లు ఉలిక్కిపడి లేస్తుంది. రెండు పొరల అద్దాలు, ఏసీ ఉన్నవాళ్ళు కిటికీలు మూసుకుంటారు. రేకుల ఇంట్లో వాళ్ళు ఏం మూసుకుంటారు?

బేగంపేటలో ఊరు విమానాశ్రయాన్ని చుట్టుముట్టేసింది. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలాకే అక్కడి వాళ్ళ చెవులకు కాస్త తెరిపి. భోగాపురానికి శంకుస్థాపన జరిగింది 2023 మేలో. చుట్టూ ఇంకా కొబ్బరి, జీడి తోటలున్నాయి. గీత గీయాల్సింది ఇప్పుడే.

విశాఖ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ తన మాస్టర్ ప్లాన్‌లోనే మోత హద్దులు గీయాలి. అదీ మొదటి ఏడాది వచ్చే నాలుగు విమానాల్ని బట్టి కాదు, రన్‌వే నిండా నడిచే రోజుల్ని లెక్కలోకి తీసుకుని. సగటు ఒక్కటే చాలదు, రాత్రికి ఎన్నిసార్లు 70 డెసిబెల్స్ దాటుతుందో కూడా చూపాలి. లోపలి హద్దులో గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు కట్టుకోనివ్వండి. బడికి, ఆసుపత్రికి, ఇళ్ళ లేఅవుట్‌కు అక్కడ అనుమతి ఇవ్వకండి. ఇప్పటికే అక్కడున్న పల్లెల్లో ఇళ్ళకు మోత తగ్గించే పైకప్పులు, కిటికీలు విమానాశ్రయం ఖర్చుతోనే వేయించాలి.

ఆ హద్దుల మ్యాపు తెలుగులో ఊరి సచివాలయం గోడ మీద ఉండాలి. ప్లాటు ఏ హద్దులో పడుతుందో దస్తావేజులో సర్వే నంబరు పక్కనే రాయాలి. కొనేవాళ్ళు సంతకం పెట్టేముందు చదువుకుంటారు.